టోకెనే లేకుండా నిలుచున్నా

ఆ వేసవిలో మా అన్నయ్య తనను తానే వెక్కిరించుకునే పనిలో చేరాడు. చేరమని ఎవరూ అడగలేదు. భోజనాల దగ్గర నేను మా ట్రూపు కష్టాలు ఏకరువు పెడుతుంటే, తను కుర్చీ వెనక్కి జరిపి, చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ, "ఆ ఐదోవాడి వేషం నేను వేస్తాలే" అన్నాడు.

నేను పేరడీ పాటలు రాస్తాను. ఊరంతా పాడుకునే పాట తీసుకుని, వరస కదపకుండా మాటలు మార్చి, ప్రేమ ఉన్నచోట కరెంటు బిల్లో మోకాలి నొప్పో పెడతాను. ఫర్నిచర్ కొట్టు మీదున్న హాల్లో ప్రతి శనివారం సాయంత్రం మా ట్రూపు ఆ పాటలు పాడి ఆడుతుంది. నేను పక్కన కూర్చుని కీబోర్డు వాయిస్తాను. ఈ పనిలో పడి చాలా ఏళ్ళయింది. అప్పటికే నాకు పాట వినడం పోయింది. ఏది చెవిన పడినా, దీన్ని ఎక్కడ విరిస్తే జనం నవ్వుతారా అన్న ఆలోచనే. ఆ వేసవి మొదట్లో అయితే జనం కూడా పోయారు. వచ్చిన కొద్దిమందీ ముందు వరసలో కూర్చుని ఫోన్లు చూసుకునేవాళ్ళు.

ట్రూపు నడిపేది ఒకప్పటి డ్రిల్లు మాస్టారు. స్కూల్లోంచి రిటైరయ్యాడు గానీ మెడలో విజిల్ మాత్రం తీయలేదు. ఆయనకో ఆలోచన వచ్చింది. "కుర్రాళ్ళ బ్యాండు చేద్దాం. తెల్ల చొక్కాలు, పైన రెండు గుండీలు ఊడదీసి. ఎదురుగా టేబుల్ ఫ్యాను. ఐదుగురు బాబాయిలు గాలికి జుట్టు ఎగురుతున్నట్టు నిలబడాలి. జుట్టు ఉండకూడదు, అదీ కామెడీ." అంతా బాగానే ఉంది గానీ ట్రూపులో ఐదోవాడు మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మాస్టారు ఎంచుకున్న పాట మా అన్నయ్యది.

అంటే, అన్నయ్య వాళ్ళ బ్యాండుది. తనకి ఇరవై కూడా నిండని రోజుల్లో ఒక కంపెనీ వాళ్ళు ఐదుగురు కుర్రాళ్ళని ఏరి తెచ్చి బ్యాండు కట్టారు. ఒకడు అందగాడు, ఒకడు కొంటెవాడు, ఒకడు మాట్లాడనివాడు, ఒకడు డాన్సరు. అన్నయ్యకి అమాయకుడి వేషం ఇచ్చారు. ఒక్క పాట మోగింది. ఏ వీధిలోకి వెళ్ళినా అదే పాట. "నీ కిటికీ కింద నిలుచున్నా, నిదురే రాకుండా నిలుచున్నా. ఒక్కసారి చూడు చాలు, వానలోనే నిలుచున్నా." ఆ రెండో వరస అన్నయ్యది. చెయ్యి గుండె మీద పెట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని పాడేవాడు. నేనప్పుడు బడిలో ఉన్నాను. ఆ ఒక్క వరస పుణ్యమా అని నాకు క్లాసులో కిటికీ పక్క సీటు దొరికింది. తర్వాత ఇంకో కంపెనీ ఇంకో ఐదుగుర్ని తెచ్చింది. అన్నయ్య ఇంటికొచ్చి డ్రైవింగ్ స్కూలు పెట్టుకున్నాడు. స్కూలంటే ఒక కారు, దాని నెత్తిన ఎర్ర బోర్డు, పక్కసీటు కింద రెండో బ్రేకు. ఆ రోజుల ఊసు తను ఎత్తేవాడు కాదు, మేమూ ఎత్తేవాళ్ళం కాదు.

అందుకే ఆ మాట అనేసరికి భోజనాల బల్ల దగ్గర అందరం ఆగిపోయాం. ముందు తేరుకున్నది వాళ్ళమ్మాయి. పదహారేళ్ళది.

"నాన్నా, ప్లీజ్, వద్దు. ఆ పాత వీడియో మా ట్యూషన్ క్లాసులో వాళ్ళకి ఇప్పుడే దొరికింది. నేను కనపడితే చాలు, చెయ్యి గుండె మీద పెట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంటున్నారు."

"అందుకేనమ్మా" అన్నాడు అన్నయ్య. "వాళ్ళకంటే ముందు మనమే నవ్వేస్తే వాళ్ళకేం మిగలదు."

వదిన గిన్నెలు తీస్తూ, "నాకు పొద్దున్నే డ్యూటీ" అని మాత్రం అంది. వదిన పెద్దాసుపత్రి ల్యాబులో రక్తం తీస్తుంది. తెల్లారకముందే పరగడుపున వచ్చి కూర్చునేవాళ్ళ కోసం తనూ అప్పటికే అక్కడుండాలి. ఆ ఏడాది తను ఏ విషయానికైనా ఆ మాటే జవాబుగా చెబుతోంది.

నేను మేడ మీది గదిలో ఉంటాను. పాట రాయడానికి ఆ సాయంత్రం పైకి వెళ్ళి కూర్చుంటే, పేరడీ అంత తేలిగ్గా నాకెప్పుడూ రాలేదు. కిటికీని ఆఫీసు కౌంటరు కిటికీ చేశాను, అంతే.

నీ కిటికీ ముందు నిలుచున్నా, టోకెనే లేకుండా నిలుచున్నా.
ఒక్క ముద్ర వేస్తె చాలు, లంచి దాకా నిలుచున్నా.

పొద్దున వినిపిస్తే అన్నయ్య వేళ్ళతో బల్ల మీద దరువు వేస్తూ విన్నాడు. "బావుందే. అసలు దానికంటే ఇదే నిజంలా ఉంది" అన్నాడు.

రిహార్సల్లో అసలు కష్టం బయటపడింది. ట్రూపులో పొడుగాయన్ని స్తంభం అంటారు, లావాయన్ని బుడగ అంటారు. వాళ్ళిద్దరూ అడుగు వేస్తేనే నవ్వొస్తుంది. అన్నయ్య వేస్తే రాదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ కాళ్ళు ఏ దెబ్బకి ఎక్కడ పడాలో అక్కడే పడ్డాయి. భుజం తిప్పాడు, చొక్కా కాలరు సర్దాడు, ఆగాడు. ఆ ఆగడం చూసి బుడగ తన అడుగు మర్చిపోయి చూస్తూ నిలబడ్డాడు.

మాస్టారు విజిల్ ఊదాడు. "బాబూ, మీరు బాగా చేస్తున్నారు."

"థాంక్సండీ."

"మెచ్చుకోలు కాదండీ. బాగా చెయ్యకూడదు. తప్పు చెయ్యాలి."

అన్నయ్య తల ఊపి మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అంతే. తప్పు చెయ్యబోయి ఒళ్ళంతా బిగుసుకుపోయేది, తప్పు మాత్రం పడేది కాదు. ఫ్యాను గాలికి చెమట ఆరుతూ, మళ్ళీ పడుతూ, ఆ మధ్యాహ్నం అలాగే గడిచింది. చివరికి మాస్టారు అలిసిపోయి కుర్చీలో కూలబడి, "సరే, ఆయన్ని అలాగే ఉండనివ్వండి. నిజంగా చేసేవాడు ఒక్కడుంటే మిగతా మీరంతా ఇంకా ఘోరంగా కనిపిస్తారు" అన్నాడు.

పాట దగ్గరికి వచ్చేసరికి అన్నయ్య మైకు చేతిలోకి తీసుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది పని చేస్తుందా?" అని అడిగాడు.

"చెయ్యకపోతే ఎలా అన్నయ్యా?"

"అదే. ఊరికే అడిగా" అని గొంతు సవరించుకున్నాడు. ఆ గొంతు కొంచెం బొంగురు, పై స్వరం దగ్గర జారుతుంది. వయసు మీద పడింది కదా అనుకున్నాను.

మొదటి శనివారం హాలు సగం కూడా నిండలేదు. స్తంభం నెత్తి మీద లేని జుట్టు వెనక్కి తోసుకున్నాడు, జనం నవ్వారు. బుడగ గుండీ తెగి ముందు వరసలో పడింది, ఇంకా నవ్వారు. అప్పుడు అన్నయ్య ముందుకొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి గుండె మీద పెట్టుకుని, ప్రాణం పోతున్నంత దిగులుగా, "ఒక్క ముద్ర వేస్తె చాలు" అన్నాడు. హాలు ఊగిపోయింది. ఏ ఆఫీసులో నిలబడి నిలబడి వచ్చారో గానీ, వెనక వరసలో ఒకావిడ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. స్వరం జారింది. జారినందుకు ఇంకాస్త నవ్వారు. అన్నయ్య అలాగే మోకాళ్ళ మీద ఉండి, వాళ్ళ నవ్వు పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు లేచాడు.

ఇంటికొస్తుంటే, "వాళ్ళు నన్ను చూసి నవ్వలేదు తెలుసా, నాతో నవ్వారు" అన్నాడు. నాకు తేడా పెద్దగా తెలియలేదు. సరేనన్నాను.

ఆ తర్వాత శనివారానికి కుర్చీలు చాలలేదు. ఎవరో తీసిన వీడియో ఊరంతా తిరిగింది. అన్నయ్య జుట్టుకి రంగు వేయించాడు. మాస్టారు లబోదిబోమన్నాడు, "నెరిసిన తలే కామెడీ బాబూ" అని. అన్నయ్య వినలేదు. పొద్దున పాఠాలకి వచ్చేవాళ్ళని సాయంత్రానికి మార్చాడు, సాయంత్రం వాళ్ళని రేపు రమ్మన్నాడు. కారు ఇంటి ముందు ఎండలో నిలబడి ఉండేది. ఎవరైనా ఇంటికొచ్చి, "పాట పాడతారే, ఆయనేనా?" అని అడిగితే లోపలికి పిలిచి కూర్చోబెట్టేవాడు. వాళ్ళమ్మాయి తలుపేసుకుని గదిలో ఉండిపోయేది. అయితే క్లాసులో ఏడిపించడం నిజంగానే ఆగిందట. ఇప్పుడు వాళ్ళే తనతో సెల్ఫీలు అడుగుతున్నారట. "అది ఇంకా ఘోరం అత్తా" అంది నాతో.

నాకు మాత్రం ప్రతి శనివారం అదే పాట, అదే చోట అదే ఆగడం, అదే నవ్వు. వేళ్ళు వాటంతటవే వాయించేవి.

ఒక సాయంత్రం మేడ మీద వదిన ఉతికిన బట్టలు తీస్తుంటే నేనూ ఒక చెయ్యి వేశాను. ఎండకి అవి కరకరలాడుతున్నాయి.

"ఆ ఊరి ల్యాబు వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు" అంది.

ఆ సంగతి నాకు తెలుసు. వేరే ఊళ్ళో పెద్ద ల్యాబు, అక్కడ వదినని ఇన్‌చార్జిగా రమ్మంటున్నారు. అక్కడైతే తను సూది పట్టుకోనక్కర్లేదు, పట్టుకునేవాళ్ళకి చెబితే చాలు. చీకటితో లేచే పనీ తప్పుతుంది. అంతకుముందు కూడా అడిగారు. అన్నయ్య ప్రతిసారీ కారనీ, పాఠాలనీ, పిల్ల చదువనీ ఏదో ఒకటి చెప్పి దాటేశాడు.

"ఈసారి ఏమన్నాడు?"

"చెప్పలేదు ఇంకా. చెప్పేదేముంది? ఎందుకు కదలడో నాకు తెలుసు." చొక్కా దులిపి మడత పెట్టింది. "ఈ ఊళ్ళో ఇంకా ఒకరో ఇద్దరో రోడ్డు మీద ఆగి చూస్తారు. అక్కడ ఎవరూ చూడరు. నాకు తెలీదా? ఆయన దగ్గర డ్రైవింగ్ నేర్చుకోవడానికి వెళ్ళినప్పుడు నేను గుర్తుపట్టలేదు. ఆ పాట నాకు తెలీదు. పాపం ఎన్ని రోజులు చూశాడో, నేను ఎప్పుడు గుర్తుపడతానా అని."

"మరి పెళ్ళెలా చేసుకున్నావు వదినా?"

"గేరు మార్చడం ఓపిగ్గా నేర్పాడు" అంది. "ఈ రంగేసుకున్నాయన ఎవరో నాకు తెలీదు. అలిసిపోయానే. పిల్లని తీసుకుని నేను వెళ్ళిపోదామనుకుంటున్నా. తగవులేం లేవు. ఊరికే, అలిసిపోయి." బట్టల దొంతర నా చేతుల్లో పెట్టి, తను కిందికి దిగిపోయింది.

వేసవి చివరికొచ్చాక ఒక శనివారం ముందు వరసలో ఒకాయన కూర్చున్నాడు. నిండుగా జుట్టు, నలగని చొక్కా. అందరూ నవ్వుతుంటే నవ్వలేదు. ఆట అయ్యాక స్టేజి వెనక్కి వచ్చి, "ఏరా అమాయకుడా" అన్నాడు. అన్నయ్య ముఖం వెలిగిపోయింది. అప్పుడు పోల్చుకున్నాను, ఆ బ్యాండులో అందగాడు. ఇప్పటికీ అందగాడే.

"బాగా నవ్వించావు" అన్నాడాయన, చుట్టూ ఉన్న కుర్చీలు చూస్తూ. "విషయమేంటంటే, మనల్ని మళ్ళీ కలుపుతున్నారు. పెద్ద స్టేడియం. పాత పాటల పండగ. మిగతా ముగ్గురూ సరేనన్నారు."

స్తంభమూ బుడగా చేతిలో తువ్వాళ్ళు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

"కాకపోతే ఇది ఆపెయ్యాలి" అన్నాడు అందగాడు. "ఈ టోకెన్లూ గీకెన్లూ. కంపెనీ వాళ్ళకి నచ్చదు. పాటకి ఒక మర్యాద ఉంది కదా."

"ఆపుతాలే. మైకులు ఉంటాయా?" అన్నాడు అన్నయ్య.

ఆయన నవ్వాడు. "ఉంటాయిరా. పని చెయ్యవు. మామూలే."

ఆలోచించుకుని చెప్తానని అన్నయ్య ఆయన్ని మెట్ల దాకా దిగబెట్టి వచ్చాడు.

ఇంటికి కారు నన్ను నడపమన్నాడు. తను పక్కసీట్లో, రెండో బ్రేకు దగ్గర కూర్చున్నాడు. ఎవరు నడిపినా తనకి ఆ సీటే అలవాటు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "ఆ పాట నేను పాడలేదు" అన్నాడు.

"ఏ పాట?"

"అదే. అసలుది. మా ఐదుగురికీ ఒకాయనే పాడాడు. స్టూడియోలో పనిచేసేవాడు. మీసాలు, పొట్ట, నలభై దాటి ఉంటాయి. ఐదు గొంతులూ ఆయనే. మేం నోరు ఆడించేవాళ్ళం."

"ఆ వానలో నిలుచున్నా కూడానా?"

"అదీ ఆయనే. బాగా పాడేవాడు, పాపం."

కిటికీ పక్క సీటు గుర్తొచ్చింది నాకు. వెనక నుంచి హారన్లు మోగాయి. పచ్చలైటు పడి చాలాసేపయినట్టుంది. నేను కంగారుగా బండి ఎగరేస్తే అన్నయ్య తన బ్రేకు మెల్లగా నొక్కి, "క్లచ్చి. తొందరేం లేదు" అన్నాడు. మళ్ళీ కదిలాక, రోడ్డు చూస్తూనే చెప్పాడు. "ఇన్నేళ్ళూ ఎవరైనా వచ్చి 'మీ గొంతు అంటే నాకు ప్రాణం' అంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. ఏం చెప్తాం? ఇక్కడ జారినా పగిలినా నాదే కదా. నాది విని నవ్వుతున్నారు. అందుకే నాకు బాగుంది."

"మరి స్టేడియం?"

"తెలీదు" అన్నాడు. "అడిగినందుకు మాత్రం సంతోషంగా ఉంది. అబద్ధం ఎందుకు?"

ఆ వారమంతా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఉక్కపోతకి ఎవరికీ మాట్లాడే ఓపిక కూడా లేదు. శనివారం మధ్యాహ్నం వదిన డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, మంచి చీర కట్టుకుని, "నేనూ వస్తా. అదేంటో ఒకసారి చూస్తా" అంది. ఆ వేసవిలో తను హాలుకి రావడం అదే మొదలు. వాళ్ళమ్మాయి తల్లిని ఒంటరిగా పంపలేక వెంట వచ్చింది. ఇద్దరూ గోడవారగా కూర్చున్నారు.

జనం పలచగానే ఉన్నారు. ఏ జోకైనా ఇంతే కొన్నాళ్ళు నవ్వుతారు, నాకు అలవాటే. స్తంభం జుట్టుకి నవ్వు సగమే వచ్చింది. అన్నయ్య వరస వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఒక్కసారి చూడు చాలు" అన్నాడు.

నేను రాసింది కాదది. అసలు పాట. నా వేళ్ళు ఒక క్షణం ఆగి మళ్ళీ అందుకున్నాయి. గొంతు బొంగురుగా పైకి వెళ్ళింది, స్వరం దగ్గర జారింది, మళ్ళీ పట్టుకుంది, ఈసారి వేరే స్వరం పట్టుకుంది. జనం ముద్ర మాట ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశారు. రాకపోయేసరికి ఒకరిద్దరు ఇబ్బందిగా కదిలారు. ఒకతను ఫోను తీశాడు. అన్నయ్య కళ్ళు మూసుకుని "వానలోనే" దగ్గర ఊపిరి సరిపోక దగ్గాడు.

గోడ పక్క నుంచి నవ్వు వినిపించింది. వదిన. ముందు చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది, అయినా ఆగలేదు. ముందు కుర్చీ పట్టుకుని వంగిపోయి, కళ్ళ నీళ్ళు కారుతుంటే నవ్వింది. అది చూసి పిల్లకీ నవ్వొచ్చింది. అన్నయ్య కళ్ళు తెరిచి అటు చూశాడు. పాట పూర్తి చెయ్యలేదు. తనూ నవ్వేశాడు, స్టేజి మీద, మోకాళ్ళ మీద ఉన్నవాడు ఉన్నట్టే. మాస్టారు తెర దింపించేశాడు.

ఇంటికొచ్చాక వదిన మంచినీళ్ళు తాగుతూ, "నీకు పాట అస్సలు రాదు" అంది.

"రాదు" అన్నాడు అన్నయ్య. గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు విప్పుతున్నాడు.

"అది మంచి పాట కూడా కాదు."

"కాదు. నేను ఎప్పుడన్నాను మంచిదని?"

రెండో బూటు లేసు ముడి పడిపోయింది. దాంతో కాసేపు కుస్తీ పట్టాడు. తల ఎత్తకుండానే, "ఆ ల్యాబు ఉద్యోగం ఇంకా ఎవరికీ ఇవ్వలేదా?" అని అడిగాడు.

"ఎందుకు?"

"ఊరికే."

"ఈ వారంలో చెప్పమన్నారు."

"అయితే చెప్పెయ్. అక్కడ కూడా జనానికి డ్రైవింగ్ రాకపోవచ్చు."

వదిన గ్లాసు కడిగి బోర్లించి, "పొద్దున్నే డ్యూటీ" అని లోపలికి వెళ్ళింది. గది తలుపు మాత్రం వెయ్యలేదు. కాసేపటికి అన్నయ్య కూడా బూట్లు చేత్తో పట్టుకుని ఆ గదిలోకే వెళ్ళాడు.

స్టేడియానికి వేరే అమాయకుణ్ణి వెతుక్కున్నారు. వయసు తక్కువవాడు, ఎవరికీ తేడా తెలియలేదని విన్నాను. వానలు మొదలయ్యేలోపు వదిన వాళ్ళు సామాను సర్దుకున్నారు. అన్నయ్య జుట్టులో సగం రంగు, సగం తెలుపు. ఆ కారులోనే వెళ్ళారు. అన్నయ్య పక్కసీట్లో, పిల్ల వెనక, వదిన నడుపుతూ. వీధి చివర మలుపులో గేరు మార్చిన చప్పుడు కూడా వినిపించలేదు.

మా ట్రూపులో మోకాలాయన కుదుటపడి తిరిగొచ్చాడు. ఆ వేషం ఆయనకిచ్చారు. అడుగు పడాల్సిన చోట ఒక్కటీ పడలేదు, మోకాళ్ళ మీద కూర్చుని లేవలేకపోయాడు, ఇద్దరు లేపాల్సి వచ్చింది. హాలు కప్పు ఎగిరిపోయేలా నవ్వారు.

ఆదివారం అన్నయ్య ఫోన్ చేస్తే ఆ మాటే చెప్పాను.

"నాకంటే బాగా చేశాడా?"

"చాలా."

"ఊఁ" అన్నాడు. తర్వాత, "ఇక్కడ నాకొక పెద్దావిడ దొరికింది నేర్చుకోవడానికి. ఇవాళ రివర్స్ నేర్పాను. గోడ బతికి బయటపడింది" అన్నాడు.

"నిన్ను గుర్తుపట్టిందా?"

"గుర్తుపట్టడమా! పేరేంటని అడిగింది. చెప్పాను. వినపడలేదట, మళ్ళీ చెప్పమంది. గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది, రోడ్డు మీద అందరూ తిరిగి చూశారు." చెబుతూ చెబుతూ నవ్వాడు. వెనక నుంచి వదిన ఏదో అంది, నాకు వినపడలేదు. "వస్తున్నా" అని తనకి బదులిచ్చి, నాతో ఒళ్ళు జాగ్రత్త అని ఫోన్ పెట్టేశాడు.

మాస్టారు కొత్త పాట అడిగి ఉన్నాడు. వారం టైము కావాలని కబురు పెట్టాను. కింద ఇల్లంతా ఖాళీ. పట్టపగలు, వాళ్ళ ముందు గదిలో, చల్లటి గచ్చు మీద చాప వేసుకుని పడుకున్నాను.